ప్లాంటు పాలు

కోటిలంకలో సమన్వయ శాఖ వారి డివిజన్ కార్యాలయం ఒకటి ఉంది. ఆ శాఖ దేన్ని దేనితో సమన్వయం చేస్తుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. లోపల పనిచేసేవాళ్ళకీ అంత కచ్చితంగా తెలియదు. తెలియనంత మాత్రాన పని ఆగలేదు కనక, తెలుసుకోవాలన్న తొందర కూడా ఎవరికీ కలగలేదు.

అందులో హైమావతి జూనియర్ అసిస్టెంటు. భర్త రామకృష్ణ కాకినాడ ఐ.టి.ఐ.లో మాస్టారు. ఐదేళ్ళ కూతురు లాస్య తండ్రి దగ్గరే ఉంటుంది. హైమావతి శనివారం సాయంత్రం బస్సెక్కి కాకినాడ వెళ్ళి, సోమవారం పొద్దున్నే మళ్ళీ బస్సెక్కి కోటిలంక వచ్చేస్తుంది. ఆదివారం ఒక్కరోజే తల్లి. తక్కిన రోజుల్లో ఫోన్లో వినపడే గొంతు. కాకినాడకి బదిలీ చేయమని ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఎప్పుడు అడిగినా "పరిశీలనలో ఉన్నది". ఈ ఏడు మాత్రం జాబితాలో పేరు ఉందన్నారు. రెండే షరతులు. హాజరులో లోటు ఉండకూడదు, ఆమె పేరున పెండింగ్ ఫైలు ఉండకూడదు. పిల్ల ఒకటో తరగతిలో చేరేనాటికి తాను కాకినాడలో ఉండాలి. హైమావతికి ఈ లోకంలో వేరే కోరిక లేదు.

సరిగ్గా అప్పుడే సమన్వయ శాఖకి పచ్చదనం పట్టుకుంది.

ప్రధాన కార్యాలయంలో ఒక పెద్దాయన శిక్షణ కోసం ఏదో చల్లటి దేశం వెళ్ళొచ్చారు. విదేశం వెళ్ళినవాళ్ళు చాక్లెట్లు తెస్తారు. ఆయన ఒక సర్క్యులర్ తెచ్చారు.

"కార్యాలయములయందు పచ్చదనము లోపించుటచే ఉద్యోగులలో సమన్వయము కొరవడుచున్నదని మా దృష్టికి వచ్చియున్నది. కావున ప్రతి బల్లపై ఒక ప్లాంటును నెలకొల్పవలెను. సదరు ప్లాంటును ఇకమీదట హరిత సహోద్యోగి అని వ్యవహరించవలెను. హరిత సహోద్యోగులు మానవ ఉద్యోగులకు మిత్రులనియు, సర్వదా నిరపాయకరులనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

వారం తిరక్కుండా వ్యాను వచ్చి ఆగింది. తెల్లటి పింగాణీ కుండీల్లో, ఆకు అన్నది లేకుండా, పచ్చగా సన్నగా కాడలు కాడలుగా ఉన్న మొక్కలు దిగాయి. హైమావతి ఒక్క చూపులో పోల్చుకుంది.

"ఇది కాడజెముడు కదండీ," అంది సూపరింటెండెంటు జోగారావు గారితో. "మా ఊళ్ళో పశువులు దిగకుండా చేలగట్ల మీద కంచెకేస్తారు. దీని పాలు ఒంటికి తగిల్తే బొబ్బలెక్కిపోద్దండి."

జోగారావు గారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పైనుంచి వచ్చిన కాగితాన్ని ఎప్పుడూ అనుమానించి ఎరగరు. ఆయన కళ్ళజోడు సర్దుకుని సర్క్యులర్ చూశారు.

"ఇందులో పెన్సిల్ ప్లాంట్ అని ఉందమ్మా. కాడజెముడు అంటే గౌరవంగా లేదు. తోటి ఉద్యోగిని అలా ఊళ్ళో పేరు పెట్టి పిలవొచ్చా?"

తెలుసన్నవాడి నెత్తినే పని పడుతుంది. మొక్క పేరు చెప్పిన పాపానికి హైమావతిని హరిత నోడల్ అధికారిణిని చేసేశారు. ఆ వెనకే రెండో సర్క్యులర్ దిగింది. సహోద్యోగుల మధ్య హెచ్చుతగ్గులు ఉండరాదు, కావున ప్లాంట్లన్నీ ఒకే ఎత్తున ఉండునట్లు కత్తిరించవలెను అని. ఆ కత్తిరించే బాధ్యత నోడల్ అధికారిది.

"చేతికి తొడుగులు ఇప్పించండి," అంది హైమావతి.

"ధ్రువీకరించిన మిత్రుణ్ణి తొడుగులేసుకుని ముట్టుకుంటారటమ్మా? చూసినవాళ్ళేమనుకుంటారు?" అన్నారు జోగారావు గారు.

హైమావతి చేతులకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని కత్తెర పట్టింది. నాలుగో కుండీ దగ్గర కుడిచేతి కవరు చిరిగింది. తెగిన కాడల్లోంచి పాలు చిక్కగా, తెల్లగా కారి వేళ్ళ మీద పడ్డాయి. ఆమె కత్తెర అక్కడే పడేసి కుళాయి దగ్గరికి పరిగెత్తింది. కార్యాలయం కుళాయిలో నీళ్ళు పొద్దున, సాయంత్రం వస్తాయి. అది మధ్యాహ్నం. అటెండరు సత్తిబాబు తాగే నీళ్ళ డబ్బా ఎత్తి ఆమె చేతుల మీద వంచాడు. ఆమె సంచిలోంచి తన సబ్బు తీసి రుద్ది రుద్ది కడుక్కుంది. తాగేనీటిని అన్యకార్యానికి వాడినందుకు సత్తిబాబుకి సాయంత్రానికల్లా సంజాయిషీ తాఖీదు అందింది.

మర్నాటికి బొటనవేలు, చూపుడువేలు ఎర్రగా వాచి బొబ్బలెక్కాయి. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసింది.

"జెముడు పాలా? వెంటనే సబ్బుతో కడిగావు కాబట్టి ఇంతటితో పోయింది. ఆ చేత్తో కళ్ళు నలుపుకోలేదు కదా? అదృష్టవంతురాలివి. కంట్లో పడితే తెగ నీళ్ళు కొట్టుకుని పరిగెత్తుకు రావాలి. బొబ్బలు చిదపకు, గోకకు. ఈ గులాబీ రంగు లోషన్ పూటపూటా రాసుకో. దురద మరీ ఎక్కువైతే మాత్ర వేసుకో. మెల్లిగా అదే తగ్గుద్ది. మళ్ళీ ఆ మొక్క జోలికెళ్ళకు," అంది.

"అది నా సహోద్యోగండి," అంది హైమావతి.

డాక్టరమ్మ ఆమె వైపు కాస్త పరీక్షగా చూసి, జ్వరం ఉందేమోనని నుదుటి మీద చెయ్యి వేసింది.

అసలు తంటా కార్యాలయం గుమ్మంలో మొదలైంది. అక్కడ హాజరు మిషను ఉంటుంది. దాని మీద కుడిచేతి బొటనవేలో చూపుడువేలో పెడితేనే మనిషి వచ్చినట్టు. హైమావతి వాచిన వేలు పెట్టింది. "మరల ప్రయత్నించండి," అంది మిషను మర్యాదగా. చూపుడువేలు పెట్టింది. మళ్ళీ అదే మర్యాద.

"సార్, నేనొచ్చానండి," అంది లోపలికెళ్ళి.

"వచ్చారమ్మా. నేను చూస్తూనే ఉన్నాను," అన్నారు జోగారావు గారు బాధగా. "కాని నా చూపుకి ప్రామాణికత ఏముంది? మిషను చూడాలి."

"మరి నన్నేం చేయమంటారు?"

"మినహాయింపు కోరుతూ ఒక నివేదిక పెట్టండి. పైకి పంపుతాను."

హైమావతి ఎడమచేత్తో కష్టపడి రాసింది: "కార్యాలయంలోని కాడజెముడు మొక్క పాలు పడి చేతికి బొబ్బలు, దురద." జోగారావు గారు ఎర్ర కలం తీశారు. కాడజెముడు కొట్టేశారు, అది సర్క్యులర్లో లేదు. మొక్క కొట్టేశారు, అదీ లేదు. ప్లాంటు అని పెట్టారు. బొబ్బలు కొట్టేశారు, నిరపాయకరమని ధ్రువీకరించాక బొబ్బలు ఎలా వస్తాయి? చివరికి మిగిలింది చక్కగా టైపు చేయించి పంపించారు.

"విషయము: ప్లాంటు పాలు — దురద — గురించి."

"సార్, ఈ మొక్కలు ఇక్కడుంటే అందరికీ ప్రమాదమండి. కాస్త పెద్ద సారుకి చెప్పండి," అని బతిమాలింది హైమావతి.

"పైవాళ్ళకి లేని బాధ మనకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు."

"ఇక్కడ దురద కత్తిపీటకేనండి," అని హైమావతి చెయ్యి చూపించింది.

ప్రధాన కార్యాలయంలో విషయం దాటి కిందికి చదివే తీరిక ఎవరికీ ఉండదు. పాలు అనేసరికి కాగితం పాల నాణ్యతా విభాగానికి వెళ్ళిపోయింది. ప్లాంటు అనేసరికి వాళ్ళకి ఫ్యాక్టరీ కళ్ళముందు కనిపించింది. దురద అనేసరికి కంగారు పుట్టింది. జవాబు గాలిలా వచ్చింది, ఎప్పుడూ లేనిది.

"మీ కార్యాలయమునకు ఏదో ప్లాంటు నుండి సరఫరా అగుచున్న పాల వలన సిబ్బందికి దురద కలిగినట్లు తెలియవచ్చినది. ఇది మిక్కిలి తీవ్రమైన విషయము. నమూనాలు పరీక్షించు వరకు మీ ఆవరణలో పాల వినియోగము తక్షణమే నిలిపివేయవలెను. ఫిర్యాదుదారు పేరున ఫైలు తెరవడమైనది."

కార్యాలయంలో టీ ఆగిపోయింది.

జీతం ఆలస్యమైతే ఓర్చుకునే మనుషులు టీ ఆలస్యమైతే ఓర్చుకోరు. మూడు గంటలయ్యేసరికి అందరూ హైమావతి వైపు చూసిన చూపు ఆమె జన్మలో మర్చిపోదు. హాజరు లేదు, టీ లేదు, పైగా ఆమె పేరున ఒక పెండింగ్ ఫైలు. ఆమె బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని కాసేపు ఏడ్చింది. కళ్ళు మాత్రం ఎడమచేత్తోనే తుడుచుకుంది.

కత్తిరించిన నాలుగు కుండీల్నీ ఎవరికి వారు పక్క బల్ల మీదికి జరిపేస్తుంటే, తెగిన కాడల నుంచి బల్లల మీద పాలు బొట్లుబొట్లుగా పడ్డాయి. ఆ బొట్లు అరచేత్తో తుడిచినవాళ్ళంతా వరసగా గోక్కోవడం మొదలుపెట్టారు. జోగారావు గారు తుడవడమే కాక, ఏమిటా అని మెడ మీద కూడా చెయ్యేసుకున్నారు. ఇక ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు చేసుకున్నారు. ఒకాయన పళ్ళపేస్టు పూశాడు. ఒకావిడ చింతపండు రుద్దింది, కంద దురదకి పనిచేసింది దీనికి చేయదా అని. చేయకపోగా మంట రెట్టింపయింది. జోగారావు గారికి వాళ్ళావిడ కొబ్బరినూనె రాసి, పైన పసుపు అద్ది పంపించింది. ఆయన పెళ్ళికొడుకులా వచ్చి కూర్చున్నారు.

"సార్, ఇవన్నీ కాదండి. సబ్బుతో బాగా కడిగి లోషన్ రాస్తే చాలండి," అంది హైమావతి.

"మీరు వైద్యాధికారి కాదు కదమ్మా," అన్నారు జోగారావు గారు మెడ గోక్కుంటూ.

ఈ గోకుడు చివరికి డివిజనల్ సమన్వయాధికారి చక్రధరం గారి దృష్టికి వెళ్ళింది. ఆయన మంచి మనిషే. కాని మాట్లాడితే కాగితం చదివినట్టు ఉంటుంది. ఇంట్లో ఉప్పు కావాలన్నా "తగు మోతాదులో లవణము" అంటారని చెప్పుకుంటారు. ఆయన వెంటనే ఒక ఉత్తర్వు వేశారు.

"కొందరు సిబ్బంది విధినిర్వహణ సమయమందు బాహాటముగా గోకుకొనుచు ప్రజలయందు అపోహలు కలిగించుచున్నారు. ఇకమీదట ఎవరును గోకరాదు. అనివార్యమైనచో భోజన విరామమందు, మేడ మెట్ల వెనుక, ఒక్కొక్కరుగా గోకుకొనవచ్చును. దురద అను గ్రామ్యపదము వాడరాదు. కండూతి అనవలెను."

భోజన విరామంలో మెట్ల వెనక వరస కట్టింది. అన్నం తినే తీరిక ఎవరికీ దొరకలేదు.

ఇంతలో పాల నాణ్యతా విభాగం నుంచి పరిశీలకుడు బాపినీడు దిగాడు. చేతిలో సంచి, సంచిలో సీసాలు, పాలల్లో నీళ్ళు కలిపారో లేదో చూసే గాజు గొట్టం. బోళా మనిషి.

"ప్లాంటెక్కడండి మేడమ్?" అన్నాడు.

హైమావతి బల్ల మీది కుండీ చూపించింది.

బాపినీడు కుండీ చుట్టూ ఒకసారి తిరిగాడు. కిందికి వంగి చూశాడు. "ఇదేనాండి?"

"ఇదేనండి. అసలు జరిగిందేంటంటేనండి..." అని ఆమె మొదట్నించీ చెప్పుకొచ్చింది. అతను శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, పాపమన్నాడు. అంతా అయ్యాక కాగితం బయటికి తీశాడు.

"మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమేనండి. కాని పాలు లేవని రాస్తే, లేని పాలకి నన్నెందుకు పంపారని అడుగుతారు. అది మా పైవాళ్ళ తప్పవుద్ది. పాలున్నాయని రాస్తే ఎవ్వరి తప్పూ అవదండి. పాలైతే ఉన్నాయిగా?"

"ఉన్నాయండి, కాని..."

"మరింకేంటండి." అతను ఒక కాడ తుంచి సీసాలోకి పట్టాడు. "తెల్లగానే ఉన్నాయి. చిక్కగానూ ఉన్నాయి. ఈ రోజుల్లో ఇంత చిక్కటి పాలు ఎక్కడండి?"

"బాబూ, చేతికి తగలనివ్వకండి," అని హైమావతి అనేలోపే తగిలింది. ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. అదృష్టం, నీళ్ళొచ్చే వేళ. సబ్బుతో కడిగించి, తన లోషన్ సీసాలోంచి రాసింది. బాపినీడు బుద్ధిగా నిలబడి రాయించుకున్నాడు.

పోతూ పోతూ ఒక పని చేశాడు. పాలిచ్చే ప్రతి జీవానికీ చెవికి పసుపుపచ్చ బిళ్ళ ఉండాలని వాళ్ళ శాఖ నియమం. మొక్కలకి చెవులు లేవు. ఒక్కో మొక్కకీ అన్నిటికన్నా పై కాడకి బిళ్ళ కట్టేసి వెళ్ళిపోయాడు.

బిళ్ళలు చూశాక కార్యాలయంలో గుసగుసలు ఎక్కువయ్యాయి. ప్లాంట్లు ప్రమాదమనీ, పైవాళ్ళకీ తెలుసుననీ ఎవరో అన్నారు. పుకార్లు అణచడానికి చక్రధరం గారు సిబ్బందినంతా హాల్లో సమావేశపరిచారు. బల్ల మీద ఒక కుండీ పెట్టించారు.

"మిత్రులారా, మన హరిత సహోద్యోగిపై కొన్ని నిరాధారమైన ఆరోపణలు వెలువడుచున్నవి. సర్వదా నిరపాయకరులని ధ్రువీకరింపబడినవారి విషయమై సందేహము పొందుట క్రమశిక్షణారాహిత్యము. ఇదిగో, మీ అందరి సమక్షమున నేను ఈ సహోద్యోగితో కరచాలనము చేయుచున్నాను."

"వద్దు సార్," అంది హైమావతి వెనక వరసలోంచి.

ఆయన కాడ పట్టుకుని గట్టిగా ఊపారు. అది పుటుక్కున విరిగింది. పాలు అరచేతిలోంచి మణికట్టు దాకా జారాయి. చక్రధరం గారు చిరునవ్వు చెదరకుండా ఆ చేత్తోనే మైకు పట్టుకుని ఇంకో అరగంట సమన్వయం గురించి మాట్లాడారు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు మండుతున్నవాళ్ళు కాస్త మెల్లిగా కొట్టారు.

మర్నాడు పొద్దున హాజరు మిషను చక్రధరం గారితో కూడా "మరల ప్రయత్నించండి" అంది.

ఆ రోజు ఆ కార్యాలయంలో మిషను లెక్కన ఒక్కరూ రాలేదు. అందరూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు ఉన్నారు. ఇంటి స్థలం పని మీద వచ్చిన ఒక రైతుని జోగారావు గారు, "ఈవేళ ఎవరం లేమండి, రేపు రండి," అని స్వయంగా పంపించేశారు. పోనీ, నవ్వుకుందామంటే, హైమావతికి నవ్వే పరిస్థితి లేదు. బదిలీల జాబితా కంప్యూటర్లోంచి పైకి వెళ్ళాలంటే చక్రధరం గారి కుడి బొటనవేలి ముద్ర పడాలి. ఆ వేలు ఇప్పుడు బూరెలా పొంగి ఉంది.

సాయంత్రం ఆయన నుంచి పిలుపు వచ్చింది. ఆయన కుడిచెయ్యి బల్ల కింద పెట్టుకుని, ఎడమచేత్తో తలుపు వేయమని సైగ చేశారు.

"హైమావతి గారూ, ఒక సైద్ధాంతికమైన ప్రశ్న."

"అడగండి సార్."

"ఒక అధికారి ఉన్నాడనుకుందాము. ఆయనకు కండూతి లేదు."

"లేదండి."

"లేని ఆ కండూతి నిన్నటి నుంచి క్రమేపీ తీవ్రరూపము దాల్చినదనుకుందాము. అప్పుడు ఏమి చేయవలెను?"

హైమావతికి ఒక పక్క నవ్వు, ఇంకో పక్క జాలి. "ముందు ఆ అధికారి ఆ చేత్తో కళ్ళు నలుపుకోకూడదండి."

కంటి దాకా వెళ్ళిన చెయ్యిని చక్రధరం గారు గబుక్కున దించేశారు.

"ఆ లేని చెయ్యి ఇలా ఇవ్వండి సార్."

ఆయన ఇచ్చారు. ఆమె సత్తిబాబు చేత బక్కెట్టుతో నీళ్ళు తెప్పించి, సబ్బు నురగ పట్టించి, మెత్తగా, ఓపిగ్గా కడిగింది. గుడ్డతో అద్దింది. లోషన్ రాసింది. చక్రధరం గారు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి, "హాయిగా ఉందమ్మా," అన్నారు. ఆయన నోట మామూలు తెలుగు రావడం హైమావతి అదే మొదటిసారి వినడం.

ఇంతకంటే మంచి సమయం దొరకదని ఆమె నోరు విప్పింది. "సార్, ఆ పాల ఫైలు మూసెయ్యండి. అది నా పేరున ఉండబట్టి జాబితాలో నా పేరు తీసేస్తారంటున్నారు. మా పాప బడిలో చేరే వేళకి నేను దాని దగ్గర ఉండాలండి. నేనేం తప్పు చేశానని సార్? ఉన్నదున్నట్టు రాశాను, అంతేగా." ఆమెకి కోపం వచ్చింది, ఆ కోపాన్ని దాచుకోలేదు.

చక్రధరం గారు తల దించుకున్నారు. "ఫైలు మూయాలంటే ప్లాంటు అపాయకరమని రాయాలమ్మా. ప్లాంటు అపాయకరమంటే సర్క్యులర్ తప్పని రాయాలి. సర్క్యులర్ తప్పంటే..." అని పైకి చూశారు. పైన ఫ్యానొకటే ఉంది. ఆయన చూపు దాన్ని కూడా దాటి ఇంకా పైకి వెళ్ళింది.

హైమావతి లోషన్ సీసా మూత పెట్టి బయటికి వచ్చేసింది.

రెండ్రోజులకి పాల నాణ్యతా విభాగం నుంచి పరీక్షా ఫలితం వచ్చింది.

"కొవ్వు: లేదు. నీరు: కలపబడలేదు. రుచి: రుచి చూచుటకు నియమితులైనవారు సీసా చూసి సెలవు పెట్టియున్నారు. ఇట్టి పాలు మా అనుభవమున ఎన్నడును తారసపడలేదు. సమగ్ర విచారణ అవసరము. కావున పాలిచ్చుచున్న సదరు ప్లాంట్లన్నిటిని విచారణ ముగియువరకు కాకినాడలోని మా ప్రాంతీయ కార్యాలయమునకు తరలించవలెను."

చక్రధరం గారు ఆ కాగితం ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. మొహం విప్పారింది. సర్క్యులర్ని ఒక్క మాట అనకుండా మొక్కలు గుమ్మం దాటిపోతాయి. జోగారావు గారిని పిలిపించారు.

"పాలిచ్చు జీవమును తరలించునప్పుడు వెంట సంరక్షకుడు ఉండవలెనని పశువుల రవాణా నియమము. మన ప్లాంట్లకు సంరక్షకులు ఎవరు?"

"నోడల్ అధికారి హైమావతి గారండి. కాని ఆవిడ పేరున పెండింగ్ ఫైలుందండి, బదిలీకి అర్హత లేదు," అన్నారు జోగారావు గారు నియమం గుర్తొచ్చి.

"బదిలీ కాదండీ, తరలింపు," అన్నారు చక్రధరం గారు నెమ్మదిగా. "బదిలీకి పెండింగ్ ఫైలు అడ్డు. తరలింపుకి పెండింగ్ ఫైలే అర్హత."

జోగారావు గారు ఆ మాటలోని అందానికి కాసేపు చేష్టలుడిగి నిలబడిపోయారు. చక్రధరం గారు బొటనవేలు అక్కర్లేని మామూలు కాగితం మీద, ఎడమచేత్తో, కోడి గీసినట్టు సంతకం పెట్టారు. ఆ వంకర సంతకం చూసి హైమావతి దాన్ని కళ్ళకద్దుకుంది. రాసేది వంకరగా ఉన్నా మనిషి తిన్ననివాడే, అనుకుంది.

పాలిచ్చేవాటిని పశువుల లారీలోనే తీసుకెళ్ళాలి, దారిలో మేత ఉండాలి అని కూడా నియమం. లారీలో గడ్డిమోపు వేసి, దాని మధ్య పింగాణీ కుండీలు సర్దారు. డ్రైవరు తలుపు తీసి చూశాడు.

"గేదెలన్నారండి మేడమ్?"

"ఇయ్యేనండి."

"పాలిస్తాయాండి?"

"ఇస్తాయండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

డ్రైవరు తలుపు మూసి బండెక్కాడు. సర్కారు వారి సరుకు అతను ఇదివరకూ తోలాడు. కోటిలంక సిబ్బందంతా లోషన్ రాసుకున్న గులాబీ రంగు చేతులూపి సాగనంపారు. ఆ సాయంత్రమే కార్యాలయంలో మళ్ళీ టీ వచ్చింది. ఎవరి ముఖం చూసినా పండగే.

కాకినాడలో కుండీల్ని మేడ మీద, ఎవరూ వెళ్ళని గదిలో పెట్టించారు. హైమావతి సొంత డబ్బుతో మందపాటి రబ్బరు తొడుగులు కొనుక్కుంది. ఆ మేడ గదికి తాళం వేసి, "ముట్టుకోకండి, ముట్టుకుంటే వెంటనే సబ్బుతో కడుక్కోండి" అని బోర్డు పెట్టింది. ఇక్కడ అడ్డుపడేందుకు జోగారావు గారు లేరు. చెయ్యి పూర్తిగా మానిపోయింది. కొత్త ఆఫీసు మిషను ఆమె వేలు చూసి "స్వాగతం" అంది. లాస్య ఒకటో తరగతిలో చేరింది. రోజూ పొద్దున తలదువ్వి జడలేసి బస్సెక్కించేది వాళ్ళమ్మే.

విచారణ సాగుతోంది. మొదట రుచి చూసేవారి నియామకం కోసం ఆగింది. తరవాత, పాలిస్తున్నాయి కనక దూడలు ఏవి అని ఒక ప్రశ్న వచ్చి ఆగింది. ఆ ప్రశ్నకి తగిన జవాబు రాయడానికి హైమావతి చాలా రోజులు తీసుకుంది.

ఒక ఉదయం రామకృష్ణ ఆమె ముందున్న కాగితం చూశాడు. పైనుంచి వచ్చింది. విచారణ త్వరగా ముగించుటకు సంరక్షకురాలి అభిప్రాయము తెలుపవలెను అని ఉంది.

"అది కంచె మొక్క, దాని పాలు కాలుస్తాయి, అంతే అని ఒక్క ముక్క రాసెయ్యొచ్చు కదే. ఇన్ని పేజీలెందుకు?"

"ఒకసారి నిజం రాస్తే చెయ్యి కాలిందండి. రెండోసారి రాస్తే సంసారం కాలుద్ది," అంది హైమావతి తలెత్తకుండా. "నన్ను కోటిలంక పంపించేసి, మీరిద్దరూ ఇక్కడుంటారా?"

రామకృష్ణ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. కలం తీసుకున్నాడు. "ఏం రాయమంటావ్?"

"రాయండి. సదరు ప్లాంట్లు ప్రస్తుతము ఎండిపోయే దశలో... కాదు, ఎండిపోయే వద్దు, ఫైలు మూసేస్తారు. చూడి దశలో ఉన్నవని భావించడమైనది. ఈనిన పిమ్మట నమూనాలు మరల తీయవలసియున్నది."

వీధిలో బడి బస్సు హారన్ మోగింది. హైమావతి లాస్య సంచి భుజాన వేసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.